బల్లిని నమ్ముకొని గుహలోకి

ఆ రోజుల్లో మద్రాసు రైల్లో నుంచి ఏది దిగినా మా ఊళ్ళో దానికి మర్యాద జరిగేది. వాసన సబ్బు దిగితే దాన్ని ఒంటికి రుద్దకుండా పెట్టెలో చీరల మధ్య దాచేవాళ్ళం. ప్లాస్టిక్ బిందె దిగితే పక్కిళ్ళ వాళ్ళు వచ్చి గోటితో గీకి చూసి పోయేవాళ్ళు. మనిషి దిగితే ఇంక చెప్పేదేముంది, వాడు అబద్ధం చెప్పినా పట్నం అబద్ధం గదా అని నోరు తెరుచుకొని వినేవాళ్ళం. మా పెద్దమ్మ కొడుకు ప్రతి ఎండాకాలం కాలేజీ సెలవులకు తిరుత్తణి స్టేషన్లో దిగి, ఆర్.కె.పేట బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. మేమంతా మద్రాసన్న అని పిలిచేవాళ్ళం. అయిదో తరగతితో బడి మానిపించి పేడకళ్ళు ఎత్తేదానికి పెట్టిన నాలాంటిదానికి మద్రాసన్న అంటే సగం దేవుడు. (మిగతా సగం ఏమిటనేది ముందుకు పోతే మీకే తెలుస్తాది.)

ఒక ఏడు మద్రాసన్న మిఠాయి పొట్లం తేలేదు, ఒక ఆట తెచ్చినాడు. అది కూడా చేతిలో గాదు, తలకాయలో. ఎవరో స్నేహితుడి నాయన ఓడలో పని చేస్తాడంట, ఆయన యాడనుంచో ఇంగ్లీషు పుస్తకం, ఇరవై ముఖాల పాచిక తెచ్చినాడంట. పుస్తకం అప్పియ్యలేదు, పాచిక అప్పియ్యలేదు, మా అన్న చూసి నేర్చుకొని వచ్చినాడు. ఆ ఆటకు గళ్ళు లేవు, కాయలు లేవు. ఒకడు కూర్చొని కథ చెప్తాడు. మిగతావాళ్ళు ఆ కథలో దూరి, నేను కత్తిగాణ్ణి, నేను దొంగను అని తలా ఒక వేషం కట్టి, "నేనిట్ల చేస్తా" అనాల. చేసింది కుదిరిందా లేదా అనేది పాచిక చెప్తాది. ఇరవై ముఖాల పాచిక లేదు గనక, ఏకాదశి జాగరానికి మా అవ్వ ఆడే ఇత్తడి దాయాలు తెచ్చుకొన్నాం. "కూర్చొన్న చోటు నుంచి కదలకుండా గుహల్లోకి పోవచ్చు, రాక్షసుల్ని చంపొచ్చు, నిధులు తేవచ్చు" అన్నాడు మద్రాసన్న. (కూర్చొని నిధులు తేవచ్చని ముందే తెలిసుంటే మా నాయన ఆ ఎండలో శెనక్కాయ చేను ఎందుకు పెరుకుతాడు? నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.)

ఆడేదానికి ముగ్గురం కూర్చొన్నాం. మా మేనమామ కొడుకు, వాణ్ణి దూకుడుబావ అనేవాళ్ళం, అడక్కముందే రెండు కత్తులు తీసుకొని కత్తిగాడైనాడు. మా అక్క రాణిని అవుతానని పట్టుబట్టింది. "రాణి గుహలోకి ఎందుకొస్తాదే, చీమలు కుట్టించుకొనేదానికా?" అని మద్రాసన్న ఆమెకు విల్లు ఇచ్చి సరిపెట్టినాడు. నా వంతు వచ్చింది. కత్తి కొనాలంట, డాలు కొనాలంట, తాడు, కాగడా, ఇనప చొక్కా అన్నీ కొనాలంట. ఉత్తుత్తి బంగారమే అయినా ఖర్చు ఖర్చే గదా, నాకు చెయ్యి రాలేదు.

"ఏమీ కొనకుండా ఆడే వేషం ఏదన్నా ఉందా అన్నా?" అని అడిగినాను.

"మంత్రగత్తె ఉండాది. ఒక కట్టెపుల్ల చాలు. పైగా మంత్రగత్తెకు ఒక తోడుజీవి కూడా వస్తాది."

"తోడుజీవి అంటే?"

"మాయజంతువు మే. యజమాని ఏమి చెప్పినా చేస్తాది. ముందర పోయి చూసొస్తాది, ఆపదుంటే చెప్తాది, కావాలంటే ప్రాణమిస్తాది. పిల్లిని తీసుకుంటావా, గుడ్లగూబనా, కాకినా?"

"జీతమియ్యాలా?"

"జీతం లేదు. తిండి మటుకు నువ్వే పెట్టాల."

తిండి అనేసరికి నేను బాగా ఆలోచనలో పడినాను. పిల్లి అంటే పాలు. గుడ్లగూబ అంటే మాంసం, అదీగాక ఇంటి మింద వాలితే అవ్వ చీపురు తీసుకొంటాది. కాకికి ఒకపూట పెడితే చుట్టాలందర్నీ పిలుచుకొస్తాది. "నాకు బల్లి చాలు" అన్నాను. దూకుడుబావ నేల మింద పడి నవ్వినాడు. "బల్లి ఏమి చేస్తాది పాపా, రాక్షసుణ్ణి నాకుతాదా?" అన్నాడు. "నీ కత్తులు రెండూ తుప్పు పట్టినా నా బల్లి బతికే ఉంటాది బావా. దోమలు తిని బతుకుతాది, నీళ్ళు కూడా అడగదు" అన్నాను. మద్రాసన్న ఇట్లాంటి మంత్రగత్తెను ఆ ఓడ పుస్తకంలో చూసినట్టు లేదు, తల గోక్కొని సరే అన్నాడు.

ఇంతవరకు ఇది ఉత్త ఆటే. దీనికి ప్రాణం పోసింది తిరుత్తణి కొండ మింద జరిగే చిత్తిర నెల ఉత్సవం. ఏటా ఇంటిల్లిపాదీ కొండకు పోతారు, ఒకరు మటుకు ఇంట్లో ఉండి, వాకిట్లో ఎండబెట్టిన శెనక్కాయలకు మేకలు, కాకులు రాకుండా కావలి కాయాల. ఆ ఒకరు ఎవరనేది మీరు కనుక్కోలేరని కాదు. మొదటి ఏడు "చిన్నదానివి గదమ్మా, జనంలో నలిగిపోతావు" అన్నారు. తరువాతి ఏడు "పెద్దదానివైనావు గదమ్మా, నీకైతే బాధ్యత తెలుసు" అన్నారు. చిన్నదానికి పెద్దదానికి మధ్య కొండెక్కే వయసు ఒకటి ఉంటాది గదా, అది నాకు ఎప్పుడు వచ్చి పోయిందో తెలియలేదు. ఆ ఏడు నేను ముందుగానే ఏడుపు మొదలుపెట్టినాను. అప్పుడు దూకుడుబావ, "ఏడుపెందుకు? ఆటలో ముందు ఎవరు చస్తే వాళ్ళు కావలి" అన్నాడు. తగువు తీరితే చాలని అవ్వ కూడా ఊ అనింది. మా ఇంట్లో అవ్వ ఊ అంటే హైకోర్టు తీర్పు. ఆ పొద్దు నుంచి మిగతావాళ్ళకది ఆట, నాకు ప్రాణం మింద తీపి.

గుహలోకి దిగినాం. నడిమింట్లో చల్లగా, చీకటిగా ఉండె. అవ్వ మూలన కూర్చొని చింతపండులో గింజలు తీస్తా ఉండె. మద్రాసన్న గొంతు మార్చి, "దారి రెండుగా చీలింది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. మంత్రగత్తె ముందర ఉంది. యాడికి పోతావు?" అన్నాడు. నేను వణుకుతా, "ఎడమకు..." అన్నానో లేదో, గోడ మింద గడియారం వెనకాల నుంచి మా ఇంటి బల్లి టిక్ టిక్ టిక్ అని పలికింది.

మా ఇళ్ళల్లో మాట్లాడతా ఉంటే బల్లి పలికిందంటే ఆ మాట సత్యమని అర్థం. అందరూ వేలు మడిచి నేల మింద కొట్టి "సత్యం" అనాల. అవ్వ కొట్టింది. అక్క కొట్టింది. బావ కొట్టినాడు. నేను కొట్టినాను. మద్రాసన్న కూడా కొట్టినాడు. (కాలేజీ తలకాయలోకి పోయింది గానీ వేలిదాకా దిగలేదు.) కొట్టినాక తెలివి తెచ్చుకొని, "సరే, ఎడమకు పోయినావు. అక్కడ పెద్ద పాముండాది, నోరు తెరిచి—" అన్నాడు.

"పాము ఉండదు" అనింది అవ్వ, చింతపండులో నుంచి తల ఎత్తకుండా.

"ఉండాది అవ్వా. కథ చెప్పేది నేను గదా."

"బల్లి పలికినాక పాము యెట్ల ఉంటాదిరా? తీసెయ్."

"అవ్వా, అది ఇంటి బల్లి! ఆటలో బల్లి వేరే!"

"యాడ బల్లైతే ఏమిరా? బల్లి బల్లే. పాముని తీసెయ్యి నాయనా, పిల్ల భయపడతా ఉండాది."

మద్రాసన్న గడియారం వంక కొరకొరా చూసి, పాముని తీసేసినాడు.

అట్ల నా తోడుజీవి కొలువులో చేరింది. చేరిన తరువాత ఆటకు యజమాని మద్రాసన్న కాదు, గడియారం వెనకాల ఉండే జానెడు ప్రాణి. నాకు కిటుకు దొరికింది. ఏది అడిగినా తొందరపడి జవాబు చెప్పను. "తలుపు తెరుస్తా..." అని ఆగుతాను. గడియారం వంక చూస్తాను. పలక్కపోతే, "లేకపోతే తెరవను..." అంటాను. మళ్ళీ ఆగుతాను. ఒక్కో తలుపు కాడ ఒక మధ్యాన్నం గడిచేది. "మద్రాసు కోర్టు కూడా ఇంత నాన్చదు మే" అని మద్రాసన్న తల పట్టుకొనేవాడు. బల్లి పలికిన చోటల్లా అవ్వ పాముల్ని, తేళ్ళని, మంటల్ని ఏరి పారేసేది. అక్క మెల్లగా నా పక్కకు జరిగి, "మే, నేను బాణం వెయ్యాలా వద్దా, నీ బల్లిని అడిగి చెప్పు" అనేది. "నా బల్లి నా మాటే వింటాది. అడిగి చెప్తే నాకేమిస్తావు?" అనేదాన్ని. దూకుడుబావ అభిమానం గలవాడు, అడగలేదు. ఒకరోజు గంగాళం వెనకాల దాక్కొని నోటితోనే టిక్ టిక్ అన్నాడు. ఎవరం వేలు మడవకముందే అవ్వ, "అది బల్లి కాదు, పొద్దున్నించి పని లేక తిరిగే దున్నపోతు" అనింది. బావ గంగాళం వెనకాల నుంచి లేచి వచ్చి ఏమీ జరగనట్టు కూర్చొన్నాడు.

ఉత్సవానికి ముందురోజు వచ్చింది. ముగ్గురం బతికే ఉన్నాం. కావలికి ఎవరూ తేలలేదని మద్రాసన్నకు ఒక పక్క అవమానం, ఇంకో పక్క కసి. ఆ పొద్దు అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు, నా చావుకు మంచి ఏర్పాట్లు చేస్తా ఉండాడని నాకు తెలుసు. కూర్చోగానే, "గుహ చివర రాక్షసుడు ఉన్నాడు. మంత్రగత్తె తోడుజీవిని గుప్పిట్లో పట్టుకొన్నాడు. నోరు నొక్కి పెట్టినాడు. ఇంక అది పలకలేదు. ఇప్పుడు చెప్పు మే, నీ సొంతంగా, ఏమి చేస్తావు?" అన్నాడు. కొండ, గుడి, మెట్లు అన్నీ నా కళ్ళ ముందర నుంచి వెనక్కి పోతా ఉండాయి. గడియారం వంక చూసినాను, బల్లి లేదు. అప్పుడు తల ఎత్తి చూస్తే మద్రాసన్న నెత్తికి నేరుగా పైన, దూలం మింద, తోక ఊపుకొంటా ఉండాది.

"రాక్షసుడి చేతిలో యాడుంది అన్నా? నా బల్లి అదిగో, దూలం మింద ఉండాది గదా" అన్నాను.

"అది నీ బల్లి కాదు!" అని అరిచినాడు మద్రాసన్న.

"నాదే. ఇన్ని రోజులు పలికింది అదే, పలికించుకొన్నది నేనే. నాది కాకపోతే ఎవరిది?"

"నీదా? ఇప్పుడే చూస్తా ఉండు, దీన్ని తరిమేదాకా ఈ ఆట సాగదు" అని లేచి, నా మంత్రదండమే (అంటే పొయ్యి కాడ పుల్లే) లాక్కొని దూలాన్ని ఒక పొడుపు పొడిచినాడు. యజమాని కోసం తోడుజీవి ప్రాణమిస్తాదని మొదటి రోజు చెప్పింది తానే. నా బల్లి ప్రాణం ఇయ్యలేదు, అంత వెర్రిది కాదు. తోక ఒక్కటి ఇచ్చింది. బల్లి మద్రాసన్న నెత్తిన పడి, చెవి మింద నుంచి దిగి, గోడెక్కి పోయింది. తోక మటుకు భుజం మింద ఉండిపోయి ఇంకా ఆడతా ఉండె.

ఎవరూ నవ్వలేదు. నెత్తిన బల్లి పడితే గండం. అవ్వ చింతపండు చేతులతోనే లేచి వచ్చి, "బావి కాడికి పదరా, కట్టుగుడ్డలతో" అనింది. దేవుడి కాడ దీపం పెట్టించింది. కంచిలో గుడి కప్పుకు బంగారు బల్లి, వెండి బల్లి ఉంటాయి గదా, అవి ముట్టుకొంటే బల్లి దోషం పోతాది. ముట్టినవాళ్ళని ముట్టుకొన్నా చాలంటారు. నీళ్ళు కారతా నిలబడిన మద్రాసన్న ఆశగా, "నువ్వు కంచికి పోయినావు గదా అవ్వా?" అన్నాడు.

"పోయినాను నాయనా. వెండి బల్లిని ముట్టినాను. బంగారు బల్లి కాడికి పోయేలోపల వెనకాల జనం తోసేసినారు. ఇంద, నన్ను ముట్టుకో. సగం పోయింది."

"మిగతా సగం?"

"మిగతా సగం ఉన్నంతవరకు కొండెక్కగూడదు. రేపు ఇంటికాడే ఉండు" అనింది అవ్వ. (ఇది ఏ శాస్త్రంలో ఉందో అవ్వకే తెలియాల. కావలికి మనిషి దొరికినాడు, అది మటుకు నాకూ తెలిసింది.)

నేను లోపలికి ఉరికి పావడా మడత పెట్టుకొంటా ఉండాను. నేను చావలేదు, కావలికి వేరే మనిషి కుదిరినాడు, నా తోడుజీవి నన్ను కొండెక్కిస్తా ఉండాది! ఎంత నమ్మకమైన ప్రాణి, తిండి కూడా పెట్టకుండా ఎంత సాయం చేసింది అని కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగినాయి. అప్పుడు వాకిట్లో నుంచి అవ్వ పిలిచింది.

"మే, ఇట్ల రా. ఆ బల్లి ఎవరిది?"

"ఇంటి బల్లి అవ్వా" అన్నాను.

"ఇందాక నాది నాది అని అరిచింది ఎవరు?"

అక్క, బావ, మద్రాసన్న, ముగ్గురూ వేలు చూపించినారు. ఈసారి ఎవరూ నేల మింద కొట్టలేదు.

"పోయినేడు మన ఎనుము ఎదురింటోళ్ళ వంగతోటలో పడితే, పోయి జవాబు చెప్పుకొన్నది ఎనుమా, మీ నాయనా?" అనింది అవ్వ.

"నాయన" అన్నాను.

"అదీ సంగతి. నీ జీవం వాడి నెత్తిన పడింది. గండం ఉన్నోణ్ణి ఒంటరిగా వదలగూడదు. రేపు నువ్వు కూడా వాడి పక్కన ఉండు."

తెల్లవారి అందరూ పూలు పెట్టుకొని బస్సెక్కి పోయినారు. దూకుడుబావ కిటికీలో నుంచి రెండు చేతులూ ఊపినాడు, కత్తులు పట్టుకొన్నట్టు. వాకిట్లో శెనక్కాయలు, శెనక్కాయలకు ఒక పక్క మంచం మింద మద్రాసన్న, ఇంకో పక్క రోలు మింద నేను. అన్న నెత్తికి తుండుగుడ్డ కట్టుకొని కూర్చొన్నాడు, పైనుంచి ఇంకేమన్నా పడతాదేమో అని. నేను కాకుల్ని కొట్టే కట్టెతో నేలను కొడతా ఉండాను.

"ఆ రాక్షసుడు ఇంకా నిలబడే ఉన్నాడు మే. కాళ్ళు నొప్పులు పుడతాయి" అన్నాడు చివరికి.

"కూర్చోమను."

"కూర్చొన్నాడు. నిద్ర కూడా పోయినాడు. పక్కన పెద్ద దీపం వెలుగుతా ఉంది. దీపం అవతల వాకిలి. వాకిలి దాటితే గుహ బయట. ఏమి చేస్తావు?"

అలవాటుగా తల ఎత్తినాను. గోడ లేదు, దూలం లేదు, గడియారం లేదు. తెల్లటి ఎండ. ఎవరూ పలకలేదు. నాకు ఒక రకంగా భయమేసింది, అంతకంటే ఎక్కువగా ఒక రకంగా బాగుండె.

"అన్నా, ఆ దీపంలో పోసింది ఏ నూనె?"

"ఏ నూనో నాకేమి తెలుసు? శెనక్కాయ నూనె అనుకో."

"వాడు నిద్రపోతా ఉంటే దీపం ఎవరికోసం?"

"మే, అది గుహ. చీకటిగా ఉంటాది గదా, అందుకని..."

"ఆర్పేస్తా."

"బాగా ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది? నూనె దండగ."

"సరే, ఆర్పినావు. కళ్ళు పొడుచుకొన్నా కనపడని చీకటి."

"ఇప్పుడు వాకిలి కాడికి పోతా."

"కాలు పెట్టినావు" అన్నాడు మద్రాసన్న, పెదవి బిగబట్టి. "వాకిలి ముందర గుంత ఉండె. దీపం ఉంటే కనపడేది. పడినావు. చచ్చినావు."

దాయాలు కూడా వెయ్యలేదు. ఇన్ని రోజులు పాములు తప్పించుకొని, మంటలు తప్పించుకొని, ఏ రాక్షసుడూ తాకకుండానే, మొట్టమొదటిసారి ఎవర్నీ అడక్కుండా, నా సొంత బుద్ధితో నేను చచ్చిన చావు అది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకొన్నాం. ముందు మద్రాసన్నకు తుండుగుడ్డ ఊడింది. తరువాత నేను రోలు మింద నుంచి జారి శెనక్కాయల్లో పడినాను. అంత నవ్వు నా బతుకులో మళ్ళీ నవ్వినట్టు గుర్తులేదు. మేము నవ్వి కళ్ళు తుడుచుకొనేలోపల ఎదురింటి మేకలు మూడు వచ్చి సావకాశంగా మేస్తా ఉండాయి. (వాటి యజమాని జవాబు చెప్పినాడు, అది వేరే కథ.)

కొండ తరువాత ఎన్నోసార్లు ఎక్కినాను, మెట్ల లెక్క కూడా మరిచిపోయినాను. ఇప్పుడు కొడుకులు, కోడళ్ళు, మనవరాళ్ళు, ఇంటినిండా నాకు దారి చెప్పేవాళ్ళే. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతా ఉంటే మటుకు నేను ఊరుకోను. తిట్టుకొంటా లేచి పోయి ఆపేస్తాను. ఆపిన తరువాత ఆ చీకట్లో ఒక్క క్షణం నిలబడి, ముందర గుంత ఉందేమో అని కాలి బొటనవేలితో నేలను తడిమి చూసుకొని, నవ్వుకొంటా అడుగేస్తాను.